వేలిముద్ర

నిమ్మకాయల లారీ మీద గూడూరు నుంచి మద్రాసు పోయి
తిరిగొచ్చేటప్పుడు ఖాళీ గంపలో
నాలుగు క్యాసెట్లు తెచ్చేవాడు క్లీనర్ ఖాదర్‌బాషా.
మూత తీస్తే నిమ్మ వాసన.
అట్ట మీద పొడుగు జుట్టు మనుషులు,
వాళ్ల పేర్లు మా నోటికి తిరగవు.
ఒకటో క్యాసెట్టు, రెండో క్యాసెట్టు అనుకునేవాళ్లం.

ఇంగ్లీషు ముక్క రాదబ్బా మాకు.
అందుకేనేమో పాటంతా అర్థమయ్యేది.
వాడు ఎవరి కోసం అంత గొంతు చించుకుంటా ఉండాడో తెలీదు గానీ,
రెండో చరణం అయిపోయినాక
మాటలు పక్కకి తప్పుకుని
గిటారొక్కటే ముందుకొచ్చే చోటుంటుంది చూడు,
అక్కడ సంతపేట సైకిల్ షాపులో
స్పోకు బిగించే పెంచలబాబు చెయ్యి ఆగిపోయేది.
పాన పక్కన పెట్టి నోటితో వాయించేవాడు,
టొయ్ టొయ్యొయ్,
గ్రీజు వేళ్లతో గాలిలో తీగలు పట్టుకుంటా.

చర్చిలో నేర్చుకున్న మూడు కార్డులతో మొదలుపెట్టి
ఆ చోటు దాకా చేరను నాకు రెండేళ్లు పట్టింది.

తరవాత ఆర్కెస్ట్రా.
తిరునాళ్లకి సినిమా పాటలే వాయించాల, నిజమే.
కానీ ప్రతి పాట నడుమా
రెండో క్యాసెట్టు ముక్క దొంగతనంగా దూర్చేవాణ్ణి.
ఎవురూ కనిపెట్టలా.
అల్లూరులో ఒక ముసలాయన మాత్రం
స్టేజీ ఎక్కి పది రూపాయల నోటు నా చొక్కాకి పిన్నీసుతో గుచ్చి
"ఆ మజ్జిలోది మళ్లీ వాయించు నాయనా" అన్నాడు.
పిన్నీసు ఇప్పటికీ ఉండాది. నోటు ఆ రాత్రే టీలకి పోయింది.

ఎప్పుడు పోయిందీ అంటే చెప్పలేను.
పెన్నలో నీళ్లు ఏ తారీఖున ఇంకిపోయినాయో
ఎవరు రాసి పెట్టుకున్నారు?
పదహారు చుట్లు వాయించే చోట ఎనిమిది చాలన్నారు.
ఎనిమిది నాలుగైంది.
ఒకరోజు కీబోర్డు కుర్రాడు ఒక మీట నొక్కి
"అన్నా, ఇందులోనే గిటారు కూడా ఉండాది" అన్నాడు,
నాకు సాయం చేస్తున్నట్టే.
ఆనక ట్రాక్టరు నిండా డబ్బాలొచ్చినాయి.
పాట చెవిలోంచి దిగి
కడుపులో దడయింది.
కోవూరు పెళ్లిలో పెళ్లికొడుకు తమ్ముడొచ్చి
"అంకుల్, స్టార్టింగ్ తీసేయండి, డైరెక్టుగా బీటు" అన్నాడు.
వాడి మీద నాకు కోపం లేదు.
వాడి ఒంట్లో వయసుంది, అది ఎగరమంటుంది.

నా మనవరాలి ఫోనులో నేనూ విన్నా.
మాటలన్నీ తెలుస్తాయి, తిట్లతో సహా.
స్నానం చేస్తా కూనిరాగం తీద్దామంటేనే
పిడి లేని చెంబు,
ఎక్కడ పట్టుకోవాల్నో తెలీదు.

పెంచలబాబు ఇప్పుడు బ్యాటరీ బండ్లు అమ్ముతా ఉండాడు.
మొన్న ట్రంకు రోడ్డులో కనపడి
నన్ను చూడంగానే ఆ ముక్క ఎత్తుకున్నాడు.
సగంలో మర్చిపోయి నా మొహంలోకి చూశాడు.
నాకు గుర్తుండాది.
ఎందుకో అందించలా.
కాసేపు చక్కెర జబ్బు గురించి మాట్లాడుకున్నాం.

రేషన్ షాపు మిషను నా ఎడం చేతి వేళ్లని ఒప్పుకునేది కాదు.
గీతలన్నీ తీగలు తినేసినాయి.
కుడి బొటనవేలు పెడితే పని అయిపోతుంది,
అయినా నేను కావాలనే ఎడం చూపుడువేలు ముందు పెట్టేవాణ్ణి.
ఎర్ర లైటు వెలిగి
'ఈ మనిషి కాదు' అంటే
వెనక వరసలో వాళ్లు విసుక్కుంటా ఉంటే
నాకు లోపల్లోపల ఒక పొగరు.

ఈ నెల కూడా అట్టనే పెట్టినా.
ఒక్క నొక్కుకే
పచ్చ లైటు.

"ఈసారి బలే పడిందే, ప్రభుదాసన్నా"
అంటా వకుళ
బియ్యం కొలవను లేచింది.